నాలుగు రెట్ల బ్యాంకు

డెబ్బై నాలుగులో బెజవాడలో ఒక షేర్ల బ్రోకరు గారి దగ్గర లెక్కల అసిస్టెంటుగా చేరాను. హోదాకేం, బ్రహ్మాండం, నా కింద పనిచేసేది మాత్రం చేత్తో తిప్పే లెక్కల మిషనొక్కటే. అది తిరిగితే ఆటోనగర్‌లో లారీలన్నీ ఒక్కసారే స్టార్టయినట్టుండేది.

బ్యాంకు షేర్లను పోల్చడానికి మా పద్ధతి ఇదీ: షేరు ధరని, ఆ షేరు మీద బ్యాంకు ఏడాదికి సంపాదించే లాభంతో భాగిస్తాం. ధర లాభానికి ఎన్ని రెట్లో తేలుతుంది. రెట్లు తక్కువైతే షేరు చవక.

పామర్రు నుంచి చేనేత బట్టల వ్యాపారి వెంకటరత్నం గారు వచ్చారు. మోకాళ్ళు అరిగి కొట్టు అమ్మేశారు. ఆ సొమ్మంతా బ్యాంకు షేర్లలో పెట్టి, డివిడెండుతో భార్యాభర్తలిద్దరూ బతకాలి. ఆయన చూసుకున్నవి రెండు చిన్న ప్రైవేటు బ్యాంకులు. ఒకటి తొమ్మిది రెట్లు పలుకుతోంది, రెండోది నాలుగే.

ఆ నాలుగు నాకు మింగుడుపడలేదు. విచారిస్తే, బజారులో ఆ షేరు అమ్మకమే లేదు. ఎవరో అన్నదమ్ములు ఆస్తి పంచుకుంటూ తమలో తాము రాసుకున్న ధర అది. ఆ మాటే చెప్పాను.

"ధర ధరేనయ్యా! నీకు భాగహారం వచ్చా, రాదా?" అన్నారు బ్రోకరు గారు.

వెంకటరత్నం గారైతే కుర్చీలోంచి లేచినంత పనిచేశారు. "అదేనండీ అదను! అన్నదమ్ములు విడిపోతే సరుకు సగం ధరకొస్తుంది. నా కొట్టు నిలబడిందే అలాంటి సరుకుతోనండీ."

"మీరేమీ వాళ్ళ తమ్ముడు కాదు కదండీ. ఆ ధరకి మీకెవరిస్తారు?" అన్నాను.

"నీ నోట మంచిమాటే రాదా బాబూ?" అన్నారాయన.

ఎవరూ ఇవ్వలేదు. పామర్రు ఆసామి కొంటున్నాడన్న కబురు కాలువ నీళ్ళకన్నా ముందే డెల్టా అంతా పాకింది. అడిగినచోటల్లా ధర పెరిగింది. కొనడం పూర్తయ్యాక మిషను తిప్పితే పదకొండు రెట్లు తేలింది. ఆయన బుర్రలో మాత్రం అది నాలుగు రెట్ల బ్యాంకే.

మరుసటేడు మొండి బాకీలు బయటపడి బ్యాంకు డివిడెండు ఆపేసింది. అమ్మిపెట్టమంటూ ఆయన మా మెట్లు అరిగేలా తిరిగారు. ఏ ధరకీ ఒక్కడూ ముందుకు రాలేదు. చివరికి బెజవాడలోనే ఒకరి బట్టల కొట్లో గుమాస్తాగా కుదిరారు. ఒకసారి వెళ్ళి పలకరిస్తే, "కూర్చోమనడానికి స్టూలైనా లేదు బాబూ, మాకూ ఉండదు," అని గజంబద్ద అందుకుని బట్ట కొలవడంలో పడ్డారు.

రెట్లు కట్టేముందు, ఆ ధరకి ముక్కూమొహం తెలియని ఇద్దరి మధ్య బేరం జరిగిందా అని చూడాలి. జరక్కపోతే లెక్క ఆపాలి. మిషను ఆపదు, ఏ అంకె వేసినా భాగించి ఇస్తుంది.