టిష్యూ ప్యాకెట్ కింద గోంగూర

ఎదురింటి ఆంటీ పోయారు. మేముండే ఈ పరాయి ద్వీప దేశంలో, బుకిట్ పంజాంగ్‌లో మా అంతస్తులోనే, మా గుమ్మానికి ఎదురు గుమ్మం. ఆ రోజు ఉదయం ఆసుపత్రి నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. సాయంత్రానికి ఖననం కూడా అయిపోయింది. తిరిగొచ్చి మా తెలుగువాళ్ళ ఫోన్ గ్రూపులో కబురు పెట్టాను. కొందరు దండం బొమ్మలు పెట్టారు. మా తెలుగు సంఘంలో పెద్దమనిషి ఒకాయన మాత్రం ఇలా అడిగాడు: "అయ్యో పాపం. ఆవిడ మనవాళ్ళేనాండీ?"

ఆ ప్రశ్న దగ్గర మొదలైన కోపం ఇంకా చల్లారలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆంటీది నల్గొండ. ఇంట్లో ఉర్దూ, వాకిట్లో తెలుగు. రెండూ కలిపి మాట్లాడేవారు, దేన్నీ తక్కువ చేయకుండా. నేను గుంటూరు వాణ్ణి. నోరు విప్పితే వాదన. "ఏం బేటా, ఇయ్యాల ఎవరితోని కొట్లాడొచ్చినవ్?" అని తలుపు తీసేవారు. చెప్పేదాకా టీ ఇచ్చేవారు కాదు.

ఇక్కడ కూడా పొలాలున్నాయంటే మన ఊళ్ళో ఎవరూ నమ్మరు. ద్వీపానికి ఉత్తరాన కొన్ని మిగిలాయి. ఆ రైతులు నెలకోసారి మా బ్లాకుల పక్క మైదానంలో టెంట్లు వేసి సంత పెడతారు. అందులో ఒక ముసలి చైనీస్ రైతు గోంగూర కాయల ఎర్రటి రేకులు అమ్మేవాడు, షర్బత్ చేసుకునేవాళ్ళకి. ఆకు ఎవరికీ అక్కర్లేదని తోటలోనే పారబోసేవాడట. ఒకసారి ఒక కొమ్మకి నాలుగాకులు మిగిలి ఉంటే ఆంటీ గుర్తుపట్టారు. తుంచి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నారు. పులుపుకి చెంపలు వణికాయి.

"ఆంటీ, లీఫ్ ఆల్సో కెన్ ఈట్, ఆ?" అన్నాడాయన భయంగా.

"కెన్, అంకుల్! నెక్స్ట్ మంత్ ఫుల్ బ్రింగ్."

మరుసటి నెల నుంచి ఆవిడ కోసం కట్టలు రావడం మొదలైంది. అప్పుడు మా ఇద్దరికీ పేచీ. నేను గోంగూర అంటాను, ఆవిడ అంబాడా అంటారు. నేను గుంటూరు పేరు చెప్పి గొంతు చించుకుంటే, "పేరు నువ్వు పెట్టుకో బేటా, కూర నేను వండుకుంట" అని నవ్వేసేవారు.

ఈ ఊళ్ళో ఫుడ్ సెంటర్లో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ చోటు మీదే. దాన్ని చోప్ చేయడం అంటారు. ఎవరూ కదపరు. ఆంటీ ఆ పద్ధతిని సంతకి తెచ్చారు. పొద్దున్నే వచ్చి ఆకు కట్టల మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టి, గుడ్లూ అరటిపళ్ళూ చూసుకోవడానికి వెళ్ళిపోయేవారు. నేనూరుకుంటానా? నలుగురిదీ అయిన చోటుని కాగితం ముక్కతో సొంతం చేసుకోవడమేమిటని ఉపన్యాసం ఇచ్చాను.

అంతా విని, "ఎవరో ఒకరు మన కోసం జాగ ఆపాలె బేటా" అన్నారు. "లేకుంటే బతుకంత నిలబడే తినాలె."



ఆ కట్టలు ఆవిడ ఒక్కరే తినలేదు. మాంసంలో వేసి మాకో గిన్నె పంపేవారు. వాళ్ళింటి వంట ముట్టనివాళ్ళకి పచ్చి ఆకే కవర్లో కట్టి గుమ్మానికి తగిలించి వచ్చేవారు. ఎందుకు ముట్టరో ఆవిడకి తెలుసు. "తినకుంటె మానె, వాళ్ళు వండుకుంటరు గద" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. ఇందాక నేను చెప్పిన పెద్దమనిషి ఇంటి తలుపుకీ ప్రతి నెలా ఒక కవరు వేలాడేది. ఆకు మనది. తెచ్చినావిడ మనవాళ్ళేనా అని అనుమానం!

సంఘం సమావేశంలో ఆవిడ కోసం రెండు నిమిషాలు లేచి నిలబడదామన్నాను. అడిగింది అంతే.

"ఇప్పుడివన్నీ ఎందుకు సార్? వాళ్ళకి వాళ్ళ సంఘాలుంటాయిగా" అన్నాడు అదే పెద్దమనిషి.

"ఆవిడిచ్చిన గోంగూరతో చేసుకున్న పచ్చడి మీ ఫ్రిజ్‌లో ఇంకా ఉందా, అయిపోయిందా?" అన్నాను.

ఎవరో మైకు కట్టేశారు. పిల్లల డాన్సు మొదలైంది, తెలుగు తల్లి వేషంలో ఒక చిన్నపాపతో. నేను బయటికొచ్చేశాను. నా వెనక ఒక్కరూ రాలేదు.

మొన్న ఆదివారం మళ్ళీ సంత. వెళ్ళకూడదనుకున్నాను, వెళ్ళాను. చినుకులు పడుతున్నాయి. టెంటు కింద ఆ మూల ఆకు కట్టలు అలాగే ఉన్నాయి. వాటి మీద ఒక టిష్యూ ప్యాకెట్. రైతే పెట్టాడు.

"ఆంటీ లేట్ టుడే, ఆ?"

చెప్పాను. ఆయన కాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. ఆవిడ పేరేమిటో ఆయనకి తెలియదు. అడగలేదు కూడా. ఇంతలో మన అమ్మాయే ఎవరో "అబ్బ, గోంగూర!" అంటూ చెయ్యి చాపింది. ఆయన తన అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"సారీ. దిస్ వన్ చోప్ ఆల్రెడీ."

ఆ ఆకు నాకిమ్మని నేనూ అడగలేదు. వాన పెరిగింది. సంత ఎత్తేసేదాకా అక్కడే నిలబడ్డాను. అన్ని బల్లలూ ఖాళీ అవుతున్నాయి. ఆ మూల ఆకు మెల్లగా వాడిపోతోంది, తడిసిన టిష్యూ ప్యాకెట్ కింద.