టమాటా ట్రేల మీద సేనాపతి

ఇది రాజును చంపి అంగారక గ్రహాన్ని కబళించిన ఒక సేనాపతి మహాగాథ. కాదులెండి, మదనపల్లెలో మా బడి వార్షికోత్సవానికి వేసిన నాటకం. నిన్న మా ఆఫీసు గేటుకు వెండి రంగు వేస్తుంటే ఆ వాసనకు గుర్తొచ్చింది.

రాజును నేను. సేనాపతి మా క్లాసు చలపతి. అట్టముక్కలకు వెండి రంగు పూసి పతకాలుగా తగిలించుకున్నప్పటి నుంచి, వాడు తనకు నిజంగానే పదవి వచ్చిందనుకున్నాడు. నేను చావాల్సింది చివర్లో. తీరా తెర లేచే ముందు, "రాజును మొదట్లోనే సంపేస్తా. ఆమీట అంతా నాదే" అన్నాడు.

టమాటా మండీలో కాయలు ఏరే మా అమ్మ, నన్ను రాజుగా చూడాలని పని మధ్యలో వస్తానంది. ఆమె వచ్చేసరికి నేను శవాన్ని. చచ్చినవాడు నాటకం అయ్యేదాకా కదలకూడదని కళ్ళు బిగించి పడుకున్నాను. అమ్మ మండీలో అడిగి తెచ్చిచ్చిన ప్లాస్టిక్ ట్రేలే మా అంతరిక్ష నౌక. వాటి మీద నిలబడి చలపతి "విశ్వమంతా నాదే!" అని అరుస్తున్నాడు.

అమ్మ నేరుగా వేదిక ఎక్కింది.

"యాల పడుకోనుండావప్పా? లెయ్యి."

"నేను సచ్చిపోయినా మా."

"సచ్చింది సాలు. మండీకి లారీ వచ్చుండాది, ట్రేలు కావాలంట. ఓ సేనాపతప్పా, దిగు. నువ్వూ రెండెత్తుకో."

విశ్వాన్ని ఏలేవాడు దిగి, పతకాలతోనే ట్రేలు మోశాడు. అమ్మ నన్ను రాజుగా చూడనేలేదు. ఇప్పుడు పదవి కోసం ఎగిరిపడేవాళ్ళను చూస్తే నాకు భయం వేయదు. ఇతగాడు ఎవరి ట్రేల మీద నిలబడ్డాడా అని మాత్రం చూస్తాను.

ఆ రోజు చలపతి నిలబడ్డ ట్రేల్లో ఒకదాని అడుగు పగిలింది. మండీవాళ్ళు వద్దంటే, ఇంట్లో ఉల్లిపాయలు పోసుకున్నాం.