మా వేపచెట్టు మింగిన మేకులు

సీతాఫల్‌మండిలో మా ఇంటి ముందున్న వేపచెట్టు జూన్ గాలివానకు పడిపోయినప్పుడు నేను ఏడవలేదు. టేపు తెచ్చి మాను కొలిచాను. లెక్కల టీచరుగా రిటైరయ్యాక నాకు వడ్రంగం పిచ్చి పట్టింది. అప్పటికి చేసినవి ఒక పీట, ఒక కుంటి చెప్పుల స్టాండు. ఈ మానుతో మాత్రం వసారాలోకి పొడుగాటి బల్ల చేయాలనుకున్నాను. సాయంత్రాలు నాన్న ఆ చెట్టు కిందే కూర్చునేవారు. ఆయన పోయారు, ఇప్పుడు చెట్టూ పోయింది. కనీసం ఆ చెక్క మీదయినా కూర్చోవాలని నా పట్టుదల.

కొమ్మలన్నీ కట్టెలాయన పట్టుకుపోయాడు. ఏడడుగుల మొద్దు మిగిలింది. దాన్ని పలకలుగా కోసే మిల్లు దొరికితే చాలు, మిగతాది నేను చూసుకుంటానని మావారితో గొప్పలు పోయాను.

మొదటి మిల్లాయన టీ తాగుతూ, "మేకులు గిట్ల ఉన్నయా మేడం?" అని అడిగాడు. ఎందుకుండవు? ప్రతి డిసెంబరులో నాన్న ఆ చెట్టుకే క్రిస్మస్ నక్షత్రం వేలాడదీసేవారు. పాత మేకు బెరడులోకి పోయి కనబడకపోతే దాని దగ్గరే ఇంకోటి కొట్టేవారు. ఇదంతా సంబరంగా చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టి, "మాతోని కాదు, తీస్కపోండ్రి" అన్నాడు. తిరిగే రంపం బ్లేడుకు ఇనుము తగిలితే తెగిపోతుందట. రెండో మిల్లులోనూ ఇదే మాట, కాకపోతే కుర్చీ వేసి మరీ చెప్పారు.

ఈలోగా ఎండకు మొద్దు చివర్లు పగలడం మొదలైంది. కట్టెలాయన రోజూ వచ్చి దాని చుట్టూ తిరిగి వెళ్తున్నాడు. "శనివారం దాకా చూద్దాం టీచరుగారూ, తర్వాత ఇచ్చేద్దాం" అన్నారు మావారు. నాకు ఒళ్ళు మండింది. శనివారం పొద్దున్నే మొద్దును ట్రాలీ ఆటో ఎక్కించి, అల్వాల్ వైపు ఎవరో చెప్పిన మూడో మిల్లుకు బయల్దేరాం. దారిలోనే నేనొక నిర్ణయానికి వచ్చేశాను.

"మేకులున్నయా అమ్మా?" అన్నాడు అక్కడ రంపం నడిపే పెద్దమనిషి.

"లేవండి" అన్నాను.

ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత 'అబద్ధమాడరాదు' అని వందేసిసార్లు రాయించినదాన్ని. పక్కన మావారు దగ్గారు. "వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు గానీ, బల్ల చెయ్యమనలేదే" అని నా చెవిలో గొణిగారు.

ఆ పెద్దమనిషి మొద్దు పక్కన గొంతుక్కూర్చుని, బెరడు మీద అరచెయ్యి ఆనించి, మెల్లగా తడుముకుంటూ పోయాడు. ఒకచోట చెయ్యి ఆగింది. నేను వంగి చూశాను. బెరడు బొడ్డులా ముడుచుకుని ఉంది. అరవై ఏళ్ళుగా చూస్తున్న చెట్టు, నాకెప్పుడూ కనబడలేదు. ఆయన గొడ్డలి తిరగేసి వెనకవైపుతో అక్కడా ఇక్కడా కొట్టి చెవి దగ్గరపెట్టి విన్నాడు.

"ఈడ ఏందో ఏలాడదీస్తుండిరి గద. ఏందమ్మా అది?"

దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. ఇక దాచి లాభం లేదని నక్షత్రం సంగతి చెప్పేశాను. "నిజం చెప్తే కోయరని..." అని నసిగాను.

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "బ్లేడు తెగి ఎగిరితే తగిలేది నాకమ్మా" అన్నాడు. నాకు సిగ్గుతో తల వాలిపోయింది. అబద్ధమాడేటప్పుడు నేను బల్ల గురించే ఆలోచించాను, రంపం ముందు నిలబడే మనిషి గురించి కాదు.

"జెర యాది చేస్కోండ్రి. మీ నాయిన నిచ్చెన ఏ దిక్కు ఏస్తుండె? మేకులన్ని ఒక్క దిక్కే ఉంటే తప్పిస్త."

రోడ్డు వైపు, ఆ బొడ్డున్న వైపే, అన్నాను. నక్షత్రం వీధిలోకి కనబడాలి కదా. ఆయన సుద్దతో గీతలు గీసి, ఆ భాగం పక్కకు వచ్చేలా మొద్దును తిప్పించాడు. మనిషికన్నా ఎత్తున్న రంపం మొదలైంది. ఆయన కళ్ళార్పకుండా చెక్క చప్పుడు వింటూ నిలబడ్డాడు. మొదటి పలక విడిపోయి పక్కకు ఒరిగింది. లోపల ఎర్రటి చెక్క, తడితడిగా, అలలు అలలుగా గీతలు. మేం పుట్టి పెరుగుతున్నన్నాళ్ళూ మా గుమ్మం ముందే చీకట్లో తయారైన వస్తువు అది. దాని మీద మొట్టమొదటిసారి వెలుతురు పడుతోంది. మావారు టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు, ఎందుకో ఆయనకే తెలియదు.

బల్లకు సరిపడా పలకలు వచ్చాక, సుద్ద గీతలున్న తునకను ఆయన చేతిరంపంతో వేరుచేసి, గొడ్డలితో చీల్చాడు. రెండు చెక్కలుగా తెరుచుకుంది. ఒకదాని వెనక ఒకటిగా, బెరడు నుంచి లోపలికి, ఏడు మేకులు. ఒక్కొక్కదాని చుట్టూ సిరా ఒలికినట్టు నల్లటి మరక. ఎంత లోపలిది అంత పాతదని ఆయన చెప్పాడు. పై ఆరూ నిటారుగా ఉన్నాయి, నాన్న చెయ్యి అలాంటిది. అన్నిటికన్నా లోపలిది మాత్రం కొక్కెంలా వంగి ఉంది.

దాన్ని చూడగానే ఆ మొదటి డిసెంబరు గుర్తొచ్చింది. నాకు ఆరేళ్ళు. చెట్టు అప్పుడు నా నడుమంత లావు. నాన్న భుజాల మీద కూర్చోబెట్టుకుని నా చేతికి సుత్తి ఇచ్చారు. రెండు దెబ్బలకే మేకు వంగిపోతే నేను ఏడుపు మొదలుపెట్టాను. ఆయన దాన్ని పీకలేదు. వంపుకే నక్షత్రం తగిలించి, "చూడు, ఇదే గట్టిగా పట్టుకుంది" అన్నారు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా గుర్తురాని మాట.

పెద్దమనిషి వేలితో ఆ మేకును తడిమి నవ్వాడు. "ఇన్ని సక్కగ కొట్టి, గిదొక్కటి గిట్ల వంకరగ కొట్టిందెవరమ్మా?"

"నేనేనండి" అన్నాను.