పొగమంచులో లేవని విమానం

పద్దెనిమిదేళ్ళు బస్సు నడిపి, ఆ తర్వాత డిపోలో టైర్ల విభాగానికి మారిన ఆయన్ని తోటివాళ్ళు నిదానం అనే పిలిచేవారు. టీ పూర్తిగా చల్లారితే గాని గ్లాసు ఎత్తడు, అందుకే పుట్టి బుద్ధెరిగాక నోరు కాల్చుకోలేదని డిపోలో చెప్పుకునేవారు.

ఆరేళ్ళ కిందట, చలికాలపు ఉదయాన, పొగమంచులో ఆయన బస్సు రోడ్డు మధ్య ఆగి ఉన్న లారీని గుద్దింది. ప్రయాణికులు దెబ్బలతో బయటపడ్డారు. కండక్టర్ పోయాడు. డ్రైవర్ తప్పేమీ లేదని విచారణలో తేల్చారు. అయినా ఆయన మళ్ళీ స్టీరింగ్ పట్టలేదు. అడిగి టైర్ల విభాగానికి వేయించుకున్నాడు.

రెండేళ్ళ కిందట అల్లుడు తన పాత కంప్యూటర్‌ని తెచ్చి మామగారి ముందు గదిలో పెట్టాడు. అందులో యుద్ధవిమానాల ఆట ఒకటుంది. ఎక్కడెక్కడివాళ్ళో ఇంటర్నెట్‌లో కలిసి, ఇయర్‌ఫోన్లలో మాట్లాడుకుంటూ, పాత యుద్ధాల్ని మళ్ళీ నడుపుతారు. నేల మీద బండి ముట్టని మనిషి ఆకాశంలో విమానం నడుపుతున్నాడని భార్య ముక్కున వేలేసుకుంది. కానీ ఆయన ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే కాస్త కుదుటపడుతున్నాడని గమనించి, ఏమీ అనడం మానేసింది.

అందరూ ఫైటర్ల కోసం ఎగబడేవారు. నిదానం మాత్రం బరువులు మోసే రవాణా విమానం అడిగి తీసుకునేవాడు.

ఆ జట్టుకి పెద్ద ఒక చరిత్ర మాస్టారు. ఏటా చలికాలంలో ఒక ఆదివారం, పాత యుద్ధమొకటి ఆడించేవాడు. మంచులో చుట్టుముట్టబడిన సైన్యానికి విమానాల్లో తిండి చేరవేసి, గాయపడ్డవాళ్ళని వెనక్కి తీసుకురావాలి. ఆ ఏడు చివరి విమానం నిదానానిది.

పట్టపగలే తెర తెల్లగా అలుముకుపోయింది. రన్‌వే అంచు కూడా ఆనడం లేదు.

"అన్నా, టైమైంది. లేపెయ్" అన్నాడు మాస్టారు.

"కనబడట్లేదు మాస్టారూ."

"అప్పుడూ కనబడలేదు. అయినా ఆ పైలట్ లేపాడు. మనం ఉన్నదున్నట్టు ఆడుతున్నాం కదా."

పైన కాపలా తిరుగుతున్న ఫైటర్లలో ఒక పళ్ళ డాక్టరమ్మ ఉంది. ఆవిడకి ఓపిక తక్కువ. "అన్నా, మా పెట్రోలు అయిపోతోంది. లోపలున్నవి బొమ్మలే. పడితే పడతాం."

"బొమ్మలే తల్లీ. నడిపేవాణ్ణి మాత్రం నేనే కదా. నేను లేపను."

ఆయన ఇంజన్లు ఆపేశాడు.

"ఒకసారి బస్సు నడిపేటప్పుడూ ఇలాగే ఉంది" అన్నాడు. "డిపోలో వెళ్ళమన్నారు. కనబడట్లేదని నోరు తెరిచి అనలేకపోయాను. మా కండక్టర్ 'పద అన్నా, నేను చూస్తాగా' అని ముందుకొచ్చి అద్దం దగ్గర నిలబడ్డాడు. ఎడమకి, కుడికి అని చెబుతూనే ఉన్నాడు. లారీని ముందు చూసింది వాడే. ఆపు అని అరిచాడు. నా కాలు బ్రేకు మీద పడేలోపే అయిపోయింది. దారి కనబడకపోయినా బస్సు పంపారని తేలకుండా, వాడు కునుకు తీస్తూ పోయాడని డిపోవాళ్ళు కాగితాల్లో రాశారు. నేను సంతకం పెట్టాను."

తలుపు దగ్గర భార్య నిలబడి ఉంది. ఆరేళ్ళలో ఆమె ఈ మాట వినడం అదే మొదలు.

మాస్టారు, "చివరి విమానం లేవలేదు. అలాగే రాసుకుందాం. అందరూ దిగిపోండి" అన్నాడు.

భార్య వచ్చి పక్కన కూర్చుంది. "ఆ కండక్టర్ వాళ్ళింట్లో తెలుసా?" అని మాత్రం అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

మరుసటి ఆదివారం ఇద్దరూ కలిసి వాళ్ళింటికి వెళ్ళారు. కండక్టర్ భార్య ముందు గదిలో కుట్టు మిషన్ మీద బడిపిల్లల యూనిఫారాలు కుడుతోంది. ఆయన నిలబడే, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. సంతకం సంగతీ దాచలేదు. తిట్టినా పడదామనే వచ్చాడు.

ఆమె మిషన్ ఆపి ఆయన వైపు తిరిగింది.

"అంటే ఆయన నిద్రపోలేదా అన్నయ్యా?"

"లేదమ్మా. చివరిదాకా నాకు దారి చూపిస్తూనే ఉన్నాడు."

"డ్యూటీలో నిద్రపోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడని మా అత్తయ్యతో ఎంతమంది అన్నారో. ఆవిడ తలెత్తుకోలేక బయటికి రావడమే మానేసింది." ఆమె గొంతు గట్టిపడింది. "ఆరేళ్ళు పట్టిందా మీకు?"



ఆమె లేచి, కుర్చీ మీదున్న బట్టలు తీసి పక్కన పెట్టింది. ఆయన్ని కూర్చోమని చూపించి, లోపలి గది వైపు తిరిగి పిలిచింది. "అత్తయ్యా, ఒకసారి ఇలా రండి. మీ అబ్బాయి గురించి ఈయన చెబుతారట."