ఇనుప పూజారికి సెలవు లేదు

ఉద్యోగం లేని రోజుల్లో నాకున్నంత ధైర్యం ఉద్యోగం వచ్చాక మళ్ళీ ఎప్పుడూ లేదు. గుడివాడలో ఇంజనీరింగ్ పూర్తి చేసి బందరులో ఇంటిపట్టున ఉంటున్న ఆ కాలంలో, ఏ పనైనా సరే చూడకముందే చేసేయగలనని చెప్పేవాణ్ణి. చూశాక కూడా అదే చెప్పేవాణ్ణి. (మా నాన్న ఈ గుణాన్ని వేరే పేరుతో పిలిచేవాడు. అది అచ్చులో బాగుండదు.) ఆ ధైర్యంతోనే, హైదరాబాదులో వీడియో గేములు తయారుచేసే చిన్న కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి, "మా కొత్త గేము చివరిదాకా ఆడి, అందులో తప్పులు పట్టి పంపండి, పని నచ్చితే ఉద్యోగమిస్తాం" అన్నప్పుడు, "అదెంతసేపండీ" అన్నాను. వాళ్ళు మహర్నవమి సాయంత్రం దాకా గడువిచ్చారు. అంత గడువిచ్చినందుకు వాళ్ళ మీద నాకు కాస్త జాలి కూడా కలిగింది.

ఆ గేములో హీరోలు పూజారులు. మామూలు పూజారులు కాదు. రాబోయే యుగాల్లో ఎప్పుడో చేతులు తీయించుకుని ఇనుప చేతులు, కళ్ళు తీయించుకుని గాజు కళ్ళు పెట్టించుకున్న పూజారులు. వాళ్ళకి యంత్రమే దేవుడు. భూమి కింద పాడుబడ్డ నగరాల్లో నిద్రపోతున్న పాత యంత్రాలను వెతుక్కుంటూ వెళ్ళి, అడ్డొచ్చినవాళ్ళతో యుద్ధం చేస్తుంటారు. ఆ యుద్ధం కూడా వంతులవారీగా సాగుతుంది. మన పూజారి నాలుగడుగులు వేసి ఒక దెబ్బ కొట్టాక, అవతలివాడి వంతు అయ్యేదాకా కదలకుండా నిలబడాలి. ఇది మా నాన్నకి ఎంతకీ మింగుడుపడలేదు. పడవల ఇంజన్లకి ఇనుప కడ్డీలు తరిగి షాఫ్టులు చేసిచ్చే లేత్ షాపు ఆయనది, గిలకలదిండి వెళ్ళే దారిలో. ఇల్లు షాపు వెనకే. ఇంట్లోకీ షాపులోకీ కలిపి ఉన్న ఒక్క కంప్యూటరూ షాపు మూల గాజు గదిలో ఉండేది, బిల్లులు కొట్టడానికి. అందువల్ల నా యుద్ధాలన్నీ ఆయన కళ్ళముందే జరిగేవి.

"ఎదురుగా తుపాకీ పెడితే వాడేంట్రా అలా దిష్టిబొమ్మలా నిలబడ్డాడు?" అనేవాడు.

"వాడి వంతు రాలేదు నాన్నా."

"యుద్ధంలో వంతేంట్రా!"

చివరికి మా నాయనమ్మ కల్పించుకుంది. "అష్టాచెమ్మా అనుకోరాదూ? నీ వంతు రాకుండా గవ్వలేస్తే నే ఊరుకున్నానా ఎప్పుడైనా?" అంది. ఆ తర్వాత ఆయన ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు.

నాయనమ్మది దివిసీమలో కోడూరు. యంత్రానికి పూజ చెయ్యడమంటే ఆవిడకి వింతేమీ కాదు. వాళ్ళ నాన్న చేలోకి నీళ్ళు తోడే ఆయిలింజనుకి ప్రతి దసరాకీ కొత్త తువ్వాలు కప్పి, గారెలు పెట్టేవాడట. (అల్లుడికి మాత్రం ఏ ఏడూ తువ్వాలు పెట్టలేదని మా తాతయ్య చివరిదాకా చెప్పుకున్నాడు.) కాబట్టి నా ఇనుప పూజారుల భక్తిని ఆవిడ శంకించలేదు. వాళ్ళ పద్ధతే నచ్చలేదు. "పసుపు లేదు, కుంకం లేదు. యంత్రం ముందు నుంచుని గావుకేకలేస్తాడు, అయ్యాక దాన్ని పీకి సంచీలో వేసుకుపోతాడు. ఇది పూజంటారా, దొంగతనమంటారా?" అనేది. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. తప్పులు పట్టే పని నాది కదా, ఆవిడది కాదు.

ఆడగా ఆడగా ఆఖరి యుద్ధం ఒక్కటే మిగిలింది. దాన్ని కావాలనే నవమి నాటికి అట్టిపెట్టాను. మంచి ముహూర్తాన ముగించాలని ఒక సరదా, ఎంతలో పనిలే అని ఒక ధీమా. బందరులో పుట్టి పెరిగి, లేత్ షాపు వెనక ఇంట్లో ఇన్నేళ్ళు పండగలు చేసుకుని, నవమి అంటే ఏమిటో నాకు గుర్తు రాకపోవడం ఇప్పటికీ ఆశ్చర్యమే. నవమి అంటే ఆయుధపూజ. ఆ రోజు పనిముట్లన్నీ కడిగి, బొట్లు పెట్టి, దండలు వేసి పక్కన పెడతారు. మళ్ళీ దశమి తెల్లారేదాకా వాటిని ముట్టుకోరు.

తలంటు పోసుకుని, కొత్త చొక్కా వేసుకుని షాపులోకి వెళ్ళేసరికి లేతుకి అరటి పిలకలు కట్టి ఉన్నాయి. డ్రిల్లింగు మిషను మెడలో బంతిపూల దండ. గాజు గదిలోకి తొంగి చూద్దును కదా, నా కంప్యూటరుకీ దండ! మౌసు మీద నిమ్మకాయ. తెరకి నట్టనడుమ గారె అంత గంధం, దాని మీద కుంకం. మా నాన్న మెయిన్ స్విచ్ దించేసి, దానికి కూడా బొట్టు పెట్టి చేతులు కడుక్కుంటున్నాడు.

"నాన్నా, ఇవాళ సాయంత్రానికి నేను పంపాలి."

"రేపు పంపు."

"రేపైతే ఉద్యోగం పోతుంది."

"పోతే పోయింది. ఎల్లుండి నుంచి లేతు దగ్గర నిలబడు. ఈ షాపు మీద బతకలేదా మనం?"

నేను లేతు దగ్గర నిలబడితే ఏమవుతుందో ఆయనకీ తెలుసు. వేసవి సెలవుల్లో ఒకసారి నాకు షాఫ్టు అప్పగించి భోజనానికి వెళ్ళొచ్చేసరికి అది అప్పడాల కర్రగా మారింది. (అమ్మ దాన్ని చాలా ఏళ్ళు వాడింది.) అయినా ఆయన మొండితనానికి కారణం అక్కడే బల్ల మీద కూర్చుని ఉంది. గిలకలదిండి నుంచి పొద్దున్నే ఒక పడవాయన వచ్చాడు. మా నాన్నా ఆయనా చుట్టాలు కాకపోయినా బావా బావా అనుకుంటారు. షాఫ్టు విరిగి ఆయన పడవ ఒడ్డున ఉండిపోయింది. "ఒక్క షాఫ్టు బావా, ఎంతసేపు! పక్క పడవలన్నీ వేటకెళ్ళిపోతన్నాయి" అని బతిమాలాడు. మా నాన్న రెండు చేతులూ జోడించి, "రేపు తెల్లారగట్ల మొదటి పని నీదే బావా. ఇవాళ ముట్టుకోను, క్షమించు" అన్నాడు. ఆయన ప్రసాదం తీసుకుని వెళ్దామని కూర్చున్నాడు.

"ఆయన్ని కాదని నీకు మెయిన్ ఎత్తితే, రేపు బావ మొహం ఎలా చూడమంటావురా?" అన్నాడు నాన్న, గొంతు తగ్గించి. నిజం చెప్పొద్దూ, అప్పుడు భయం వేసింది. ఆ ఉద్యోగం నాకు కావాలి. ఎంత కావాలో ఆ నిమిషం దాకా నాకే తెలియదు.

అంతలో పంతులుగారి మోపెడు చప్పుడు వినబడింది. ఆయనది గూడూరు. బందరులో సగం షాపులకి ఆయుధపూజ ఆయనే చేయించాలి కాబట్టి ఆ రోజు ఆయన నేల మీద ఉండే సమయం తక్కువ. మోపెడు పంతులుగారనే అందరం పిలిచేవాళ్ళం. ఆయన వచ్చి, మంత్రాలు చదివి, అక్షింతలు చల్లి, గుమ్మడికాయ కొట్టించి, తాంబూలం అందుకుంటుండగా నేను కాళ్ళ మీద పడ్డాను. ఆశీర్వాదానికనుకుని "ఉద్యోగ ప్రాప్తిరస్తు" అన్నారు.

"అదే అడ్డం పడుతోందండీ" అని సంగతంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"ఆ ఆటలో ఉండేదెవరన్నావ్?"

"పూజారులండీ."

"మనుషులేనా?"

"సగం మనిషి, సగం ఇనుమండీ."

"అయితే ఆ సగానికి ఇవాళ సెలవే కదయ్యా. మంత్రం చదివేది ఏ సగం?"

"నోరు కూడా ఇనుమేనండీ. స్పీకర్లోంచి వస్తుంది."

"మా గుళ్ళోనూ అంతే" అన్నారాయన ఆలోచిస్తూ. మా నాన్న, పడవాయన, గుగ్గిళ్ళ గిన్నెతో నాయనమ్మ, గుమ్మంలో అమ్మ, అందరూ తీర్పు కోసం చూస్తున్నారు. చివరికి పంతులుగారు తాంబూలం సంచీలో వేసుకుని చెప్పారు: "చూడండి. ఇవాళ అందరి పనిముట్లకీ సెలవు. ఒక్క మా పూజారులకే సెలవు లేదు. పొద్దుట లేచి నా మోపెడుకీ పూజ చేశాను, చేసి దాని మీదే వచ్చాను. పూజారి పని మీద ఉన్నప్పుడు ఆయన వాహనం ఆగకూడదు. ఈ అబ్బాయి కంప్యూటరు ఆ ఇనుప పూజారికి వాహనం. కాబట్టి నడపొచ్చు."

పడవాయన ఆశగా లేచాడు. "మరి నా షాఫ్టండీ?"

"మీ పడవలో పూజారున్నాడా?"

"లేడండీ."

"అయితే రేపే" అని మోపెడెక్కి వెళ్ళిపోయారు. పడవాయన ముందు నవ్వాడు. ఆయన నవ్వాకే మా నాన్న వెళ్ళి మెయిన్ ఎత్తాడు.

కంప్యూటరు ఆన్ చెయ్యగానే లోపలి ఫ్యాను తిరిగి, పంతులుగారు చల్లిన అక్షింతలూ కుంకం గుప్పున బయటికి వచ్చి నా కొత్త చొక్కా మీద పడ్డాయి. అది శుభమని నాయనమ్మ అంది. తెర మీద బొట్టు తుడవడానికి గుడ్డ అందుకున్నాను. "పండగపూట పెట్టిన బొట్టు చెరుపుతావంట్రా!" అని నా చెయ్యి పట్టుకుంది. ఎంత చెప్పినా వదల్లేదు. మెయిన్ ఎత్తించుకున్నవాడికి అంతకన్నా ఎక్కువ అడిగే హక్కు లేదని నాన్న చూపు చెప్పింది. అలా నేను నా జీవితంలోకెల్లా ముఖ్యమైన యుద్ధాన్ని, రణరంగం మధ్యలో గారె అంత బొట్టు పెట్టుకుని మొదలెట్టాను.

శత్రువులకి ఆ బొట్టు బాగా నచ్చింది. ఒకడు సరిగ్గా దాని కిందకి వెళ్ళి నిలబడ్డాడు. వాడక్కడ ఏం చేస్తున్నాడో కనిపించదు, వాడి వంతులో దెబ్బ మాత్రం వచ్చి తగులుతుంది. నా ధైర్యం కొద్దీ ఒక పూజారిని బొట్టులోకి పంపాను. తిరిగి రాలేదు. ఇంకొకణ్ణి పంపాను, వాడూ అంతే. నా వెనక మూడు కుర్చీలు వేసుకుని గుగ్గిళ్ళు తింటున్న నాన్నా, పడవాయనా, నాయనమ్మా ప్రతి చావుకీ "అయ్యయ్యో" అంటున్నారు. ఆఖరికి ఒకే ఒక్క పూజారి మిగిలాడు, అదీ కుంటుతూ. బయట ఎండ పసుపు తిరిగింది. వీడు కూడా పోతే ఆట మొదటికి వస్తుంది, నా బతుకు లేతు దగ్గరికి వస్తుంది. మౌసు గబుక్కున జరిపితే దాని మీంచి నిమ్మకాయ కింద పడింది. (దాన్ని కూడా తియ్యనివ్వలేదు మరి.)

"కాసేపు ఊరుకోరా" అంది నాయనమ్మ. "పొద్దుట్నుంచీ వాడికొక్క క్షణం సెలవిచ్చావా? ఈ ఒక్క వంతూ ఏం చెయ్యకుండా నుంచోనియ్యి."

అన్నిచోట్లా వాణ్ణి ఉరికించినవాణ్ణి, ఇక చేసేదేమీ లేక ఆ వంతు వదిలేశాను. తర్వాతి వంతూ వదిలేశాను. మూడోసారికి, బొట్టు కింద ఉన్నవాడికి విసుగు పుట్టి బయటికి వచ్చాడు. గంధం అంచు దాటి ఒక కాలు, తర్వాత రెండో కాలు. నా పూజారి ఒక్క దెబ్బ కొట్టాడు. కుర్చీలు మూడూ ఒక్కసారి వెనక్కి జరిగాయి. పడవాయన ఈల వేశాడు. "చూశావా, సెలవుంటే పనెంత బాగా అవుతుందో!" అన్నాడు నాన్న, అదంతా తానే నేర్పినట్టు.

తప్పులన్నీ రాసేసి, తెరని ఫోనుతో ఫొటోలు తీసి, దీపాలు పెట్టే వేళకి పంపేశాను. మెయిన్ దించేశాం. మర్నాడు తెల్లారగట్లే లేతు తిరుగుతున్న చప్పుడుకి మెలకువ వచ్చింది. పడవాయనకిచ్చిన మాట నిలబడింది. నా సంగతి మాత్రం పండగ వెళ్ళినా తేలలేదు. కంపెనీలో ఉండే ఒక మేడమ్ గారు ఫోన్ చేసేసరికి నాకు సగం ప్రాణం పోయి ఉంది.

"మీరు రాసిన తప్పులన్నీ మాకు ముందే తెలుసండీ" అన్నారావిడ. మిగతా సగం కూడా పోయింది. "కానీ ప్రతి ఫొటోలోనూ మధ్యలో ఎర్రగా, గుండ్రంగా ఏదో ఉంది. అది మాత్రం మాకు దొరకట్లేదు. మా టీమంతా ఆ ఫొటోలు అందినప్పట్నుంచీ అదే వెతుకుతున్నారు. అది ఎలా తెప్పించారండీ?"

దాచడానికేమీ లేదు. ఆయిలింజను తువ్వాలు నుంచి మోపెడు తీర్పు దాకా అంతా చెప్పాను. అవతల చాలామంది నవ్వులు వినబడ్డాయి, ఫోను స్పీకర్లో పెట్టి ఉంది కాబోలు. నవ్వడం అయ్యాక ఆవిడ, "మీ నాయనమ్మగారు ఇంకేమన్నా అన్నారా ఆట గురించి?" అని అడిగారు. అది పూజా, దొంగతనమా అన్న మాట చెప్పాను. "ఒక్క నిమిషం, అది రాసుకుంటాను" అన్నారావిడ. నాకు ఉద్యోగం వచ్చింది. నా తెలివికే వచ్చిందని ఊళ్ళో చాలాకాలం చెప్పుకుని తిరిగాను.

ఆ గేము బయటికొచ్చినప్పుడు ఆఖరి యుద్ధం గెలిచాక ఇనుప పూజారి ఆ మహా యంత్రాన్ని పీకి సంచీలో వేసుకోడు. ఇనుప వేలితో దాని నుదుటిన చిన్న ఎర్ర బొట్టు పెట్టి, లైటు ఆర్పి వెళ్ళిపోతాడు. నాయనమ్మకి చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "కాస్త పక్కకి పెట్టాడు" అంది. ఆ రాత్రి వీధిలో అందరికీ చెప్పుకుంది.

ఇప్పుడు నేను అదే షాపు మీద వేసిన గదిలోంచి పని చేస్తాను. నాయనమ్మ లేదు. నాన్నకి ఆపరేషన్ చేసి కుడి మోకాలు మార్చారు, లోపల ఉన్నది మంచి రకం లోహమని లేతు మనిషిగా డాక్టరుగారిని అడిగి మరీ తెలుసుకున్నాడు. నాకు కంప్యూటరు ముందు కూర్చుని కూర్చుని మెడకి పట్టీ పడింది. మొన్న నవమినాడు అమ్మ లేతుకీ, నా ల్యాప్‌టాపుకీ బొట్లు పెట్టి, గంధం గిన్నెతో నాన్న దగ్గర ఆగి, పంచె కాస్త జరిపి మోకాలికి కూడా పెట్టేసింది. "ఇవాళ దీనికీ సెలవు, కదిలావంటే చూడు" అంది. ఆయన నిజంగానే కదల్లేదు. పడవాయన వచ్చి పిలిచినా కుర్చీలోంచే మాట్లాడాడు. "వీడి మెడకీ పెట్టవే, ఇనుప పూజారి కదా" అన్నాడు నన్ను చూపించి.

ఆ మెయిన్ స్విచ్ కోసం ఒకనాడు పంతులుగారి కాళ్ళ మీద పడినవాణ్ణి, ల్యాప్‌టాపు మూసేసి, బుద్ధిగా తల వంచాను. అమ్మ పట్టీ మీద బొట్టు పెట్టింది. అద్దంలో చూసుకుంటే కాస్త పక్కకి పెట్టినట్టుంది. ఆ మాట అనాల్సిన మనిషి లేదు కాబట్టి, నేనే పైకి అనేసి, నాన్న పక్కన కూర్చుని గుగ్గిళ్ళు తిన్నాను.