కెగ్గులో పానకం

ఇంట్లో బీరు కాచుకునే పిచ్చి నాకు పట్టి ఆరేళ్ళయింది. అమెరికాలో, ఆష్‌బర్న్‌లో మా గరాజ్‌లో ఒక పాత ఫ్రిజ్, దాంట్లో నాలుగు కెగ్గులు, అంటే బీరు నిలవుంచే స్టీలు డ్రమ్ములు. ఒకప్పుడు హోటళ్ళకి కూల్‌డ్రింకు సరఫరా చేసిన కెగ్గులవి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇంటికి ఎవరొచ్చినా ముందు గరాజ్‌లోకి లాక్కెళ్ళి ట్యాప్ తిప్పి చూపించేవాడిని. "వీడు పెళ్ళాం పిల్లలకంటే ముందు డ్రమ్ముల్ని పరిచయం చేస్తాడు" అని మా ఆవిడ అందరి ముందూ అనేది. నాకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

కెగ్గు ప్రాణమంతా రబ్బరు రింగుల్లో ఉంటుంది. మూతకి ఒక పెద్దది. బీరుని బయటికి నెట్టే గ్యాస్ లోపలికెళ్ళే చోట రెండు, బీరు బయటికొచ్చే చోట రెండు చిన్నవి. అప్పుడప్పుడూ వీటన్నిటినీ విప్పి, కడిగి, తిండికి పనికొచ్చే గ్రీజు పల్చగా రాసి బిగించాలి. అణిగిపోయినా, పగిలినా, వాసన పట్టినా మార్చెయ్యాలి. మూత రింగు మార్చడం చేత్తో అయ్యే పని. చిన్నవి మార్చాలంటే మాత్రం స్పానర్ పెట్టి గట్టిగా తిప్పాలి, లోపలి గొట్టం బయటికి లాగాలి, సందుల్లో బ్రష్ పెట్టి తోమాలి. నాదంతా ఆరంభ శూరత్వం. మొదటి ఏడాది శ్రద్ధగా చేశాను. ఆ తర్వాత మూత రింగొకటి మార్చి, లోపల వేడినీళ్ళు గిలక్కొట్టి, అయిపోయిందనుకునేవాడిని. బీరుకి బీరు వాసన వస్తే అడిగేదెవడు?

కిందటేడు శ్రీరామనవమికి మా తెలుగువాళ్ళం ఎప్పటిలాగే హాలు తీసుకుని కల్యాణం పెట్టుకున్నాం. ప్రతి ఏడూ పానకం కలిపేది ఒకావిడే. మాకు నాలుగిళ్ళ అవతల కూతురి దగ్గర ఉంటుంది. డెబ్భైకి దగ్గర పడ్డ మనిషి. అందరం ఆంటీ అనే అంటాం. మిరియం ఘాటు గొంతులో దిగీ దిగకముందే యాలకుల వాసన పైకొస్తుంది ఆవిడ పానకంలో. పెళ్ళి చూడ్డానికి కాకుండా పానకం తాగడానికే వచ్చేవాళ్ళు మాలో చాలామంది ఉన్నారు, నాతో సహా.

కమిటీ మీటింగ్‌లో నేనే గొప్పకి పోయాను. "ఈసారి పానకం కెగ్గులో పోద్దాం. ట్యాప్ తిప్పితే చల్లగా వస్తుంది" అన్నాను. కుర్రాళ్ళు "కేక బ్రో!" అన్నారు. ఒక పెద్దాయన మాత్రం "బీరు పోసిన దాంట్లోనా?" అని ముఖం చిట్లించాడు. దేవుడికి పెట్టేది విడిగా వెండి గిన్నెలో పెడదామని, జనానికి పోసే కెగ్గుకి రబ్బర్లన్నీ కొత్తవి వేస్తానని ఒప్పించాను.

పానకం పొద్దున్నే కలిపితేనే బాగుంటుందని ఆంటీ అంది. నేను వినలేదు. ముందురోజే నింపితే గానీ నా ప్రెషర్ లెక్కలు కుదరవని బుకాయించాను. శనివారం మధ్యాహ్నం ఆవిడ మా ఇంటికొచ్చి, పెద్ద గిన్నెలో కలిపి, వడగట్టి, కెగ్గు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"బాబూ, దీనికీ రబ్బర్లుంటాయా?"

"ఉంటాయాంటీ."

"రబ్బరు వాసన పట్టేస్తుంది సుమా. నేను పాయసం కుక్కర్‌కి గాస్కెట్ వేరే పెట్టుకుంటాను. పప్పు వండినది వేశామా, పాయసం ఇంగువ కంపే. అన్నీ మార్చావా?"

"అన్నీ మార్చేశానాంటీ. బ్రాండ్ న్యూ!"

మార్చింది ఒక్క మూత రింగే. మిగతా నాలుగూ విప్పని కవర్లో బెంచీ మీదే ఉన్నాయి. స్పానర్ ఆఫీసు ఫ్రెండ్ తీసుకెళ్ళాడు. పది నిమిషాలు డ్రైవ్ చేస్తే వాడి ఇల్లు. బద్ధకం. అంతే, ఇంకో కారణం లేదు. అక్కడితో ఆగానా? ఫ్రిజ్‌లో నా బీరు తియ్యడం ఇష్టం లేక, పానకం కెగ్గుని రాత్రంతా గరాజ్‌లో బయటే వదిలేశాను. పొద్దున ఐసు పెడితే సరిపోతుందిలే అనుకున్నాను.

ఆదివారం తలంబ్రాలయ్యాక జనం లైను కట్టారు. ట్యాప్ తిప్పాను. ముందు నురగ వచ్చింది, వెనకాలే పానకం. మొదటి కప్పు తీసుకున్నావిడ ఒక గుక్క తాగి ఆగిపోయింది. "ఏంటి, పులిసినట్టుందే?" అంది. నేనూ కప్పులో పట్టుకుని తాగాను. బెల్లం, యాలకులు, వాటి కింద అంతకుముందు నెల నేను కాచిన బీరు చేదు. నాకు తెలియని వాసనా అది! రింగుల సందులో మిగిలిన బీరు మడ్డిలోని ఈస్టు రాత్రంతా బెల్లం నీళ్ళు తాగి పొంగిందని ఆ ఒక్క గుక్కలోనే అర్థమైపోయింది.

"కెగ్ ప్రాబ్లమా బ్రో?" అని కమిటీలో ఒకడు అడిగాడు. చుట్టూ అందరూ నా వైపే చూస్తున్నారు. ఆంటీ నా పక్కనే ఉంది.

"కాదు కాదు. సీల్స్ అన్నీ కొత్తవి. మొత్తం శానిటైజ్ చేశాను" అన్నాను.

"అయితే బెల్లమే. ఎప్పటి బెల్లమో ఏంటో" అన్నారెవరో.

ఆంటీ కప్పు తీసుకుని వాసన చూసింది. తాగింది. మళ్ళీ తాగింది. "కలిపేటప్పుడు నాకేం తెలియలేదే..." అని తనలో తనే అనుకుని, తన పిల్లల ఈడు వాళ్ళ ముందు రెండు చేతులూ జోడించింది. "చూసుకోలేదేమో నాయనా, ఏమీ అనుకోకండి" అంది. నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, కెగ్గు ఎత్తుకెళ్ళి పార్కింగ్ వెనక గడ్డిలో పారబోశాను. ఆవిడ చేతులు జోడించిన ఆ క్షణం గుర్తొస్తే ఇవాళ్టికీ నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

ఇంటికొచ్చాక మా ఆవిడ మామూలుగానే అడిగింది, "అన్నీ మార్చావు కదా?" అని. "మార్చానని చెప్పానా లేదా! ఎన్నిసార్లడుగుతావ్?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట.

ఆ వారమే స్పానర్ తెచ్చుకున్నాను. విప్పి చూస్తే లోపలి రింగు అణిగి బద్దలా అయిపోయి ఉంది, చుట్టూ గోధుమ రంగు జిగురు. ముక్కు దగ్గర పెట్టుకుంటే అదే వాసన. నాలుగూ మార్చాను, గ్రీజు రాశాను, బిగించాను. పదిహేను నిమిషాలు కూడా పట్టలేదు. ఆ పని అప్పుడు చెయ్యడం ఎవరికి ఉపయోగం?

ఆరు వారాల తర్వాత స్కూల్ బస్సు దగ్గర ఆంటీ కూతురు కనిపించింది. "అన్నా, మమ్మీకి మతిమరుపు స్టార్టయిందనిపిస్తోంది. పానకం అలా చేసిందా, మొన్న పాలు స్టవ్ మీద పెట్టి మర్చిపోయింది. నేను ఇంట్లో లేనప్పుడు స్టవ్ ముట్టుకోవద్దని చెప్పేశా. న్యూరాలజిస్ట్‌కి అపాయింట్‌మెంట్ బుక్ చేశా, నెక్స్ట్ థర్స్‌డే" అంది.

పాలు పొంగించనివాళ్ళు ఈ లోకంలో ఎవరున్నారు? ఆ మాటైనా అనలేదు. "అయ్యో, టేక్ కేర్" అన్నాను. పిల్లాడి చెయ్యి పట్టుకుని ఇంటికొచ్చేశాను. ఆ రోజు అన్నం సహించలేదు. సహించకపోతే మాత్రం ఏం లాభం, నోరు పెగిలితే కదా!

నోరు పెగిలించింది ఆవిడే. శనివారం సాయంత్రం ఆంటీ ఒక్కతే నడుచుకుంటూ మా గరాజ్ దగ్గరికి వచ్చింది. చేతిలో జిప్‌లాక్ కవరు, అందులో బెల్లం ముక్క.

"బాబూ, ఇది ఆ రోజు మిగిలిన బెల్లం. కాస్త వాసన చూసి చెప్పవూ? నాకు బాగానే అనిపిస్తోంది. రోజూ పొద్దున్నే ఇంగువ, కాఫీ పొడి, అన్నీ వాసన చూసుకుంటున్నాను. తెలుస్తున్నాయి. తెలుస్తున్నాయని నేననుకుంటున్నానేమో, అదే తెలియట్లేదు. నువ్వు బీరు చేస్తావుగా, నీ ముక్కు మంచిది."

వాసన చూడనవసరం లేదు. అయినా చూశాను. శుభ్రమైన బెల్లం. అప్పుడు చెప్పేశాను, స్పానర్ దగ్గర్నుంచి ఫ్రిజ్ దాకా. ఆవిడ అంతా విని, కవరు నా చేతిలోంచి తీసుకుంది.

"నాకు చెబితే ఏమొస్తుంది నాయనా? నేను చేతులు జోడించింది నీకా? వాళ్ళకి చెప్పు" అని వెళ్ళిపోయింది.

ఇంట్లోకెళ్ళి ముందు మా ఆవిడకి చెప్పాను. "తెలుసు. ఆ రోజు నువ్వరిచినప్పుడే తెలుసు" అంది. తర్వాత అందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో రాశాను. తప్పు నాదని, రింగులు మార్చలేదని, అబద్ధమాడానని, ఆంటీ పానకంలో ఏ లోపమూ లేదని. పంపి, ఫోను బోర్లా పెట్టి కూర్చున్నాను. తిడతారనుకున్నాను. నిజం చెప్పాలంటే తిట్టాలని కోరుకున్నాను.

ఫోను టింగు టింగుమంటూనే ఉంది. అన్నీ పడీ పడీ నవ్వే బొమ్మలు. "పానకం ఐపీఏ!" అని బీరు రకం పేరు తగిలించి ఒకడు. "నెక్స్ట్ ఇయర్ రెండు కెగ్గులు బ్రో" అని ఇంకొకడు. "లెజెండ్" అని ఇంకెవరో. పెద్దాయన ఒక్కడే "చాలా తప్పు" అని రాశాడు. దానికింద కూడా నవ్వే బొమ్మే పెట్టారు. ఆంటీ గురించి ఒక్కళ్ళూ ఒక్క ముక్క రాయలేదు.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. కూతురు తలుపు తీసి, నా ముఖంలోకి చూడకుండా పక్కకి జరిగింది. ఆంటీ కిచెన్ టేబుల్ దగ్గర కూర్చుని ఉంది. ముందు కూతురి ఫోను. అందరూ రాసినవన్నీ చదివించుకుందట.

"మమ్మీ, థర్స్‌డే అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేసేస్తా. ఇంకెందుకు?" అంది కూతురు. "సారీ మమ్మీ."

ఆంటీ నా వైపు తిరిగింది.

"నేను పాడు చేశాననుకున్నప్పుడు ఒక్కళ్ళూ నవ్వలేదు నాయనా" అంది.

"ఆంటీ, నన్ను క్షమించండి. మీ చేతిలో ఏ తప్పూ లేదు. నేను చెబుతున్నాను కదా!"

"చెబుతున్నావు. ఆ రోజూ నువ్వే చెప్పావు. మార్చానన్నావు, నీ మాట నమ్మి నన్ను నేను అనుమానించుకున్నాను. ఇప్పుడు మళ్ళీ నీ మాట నమ్మి నన్ను నేను నమ్ముకోమంటావా?"

ఆవిడ ఫోను కూతురి వైపు జరిపింది.

"క్యాన్సిల్ చెయ్యకు. డాక్టరు నోటి వెంటే విందాం."