పొడుగు కర్ర మాపు

తెలంగాణ వచ్చిన నాలుగో ఏడు. షాద్‌నగర్ బయట అట్టపెట్టెలు చేసే ఒక కంపెనీలో నేను హౌస్‌కీపింగ్ మేస్త్రీని. హౌస్‌కీపింగ్ అంటే ఏం లేదు, ఊడ్వడం, తుడవడం, బాత్‌రూములు కడగడం. ఆడవాళ్లను కుదిర్చి, ఎవరు ఎక్కడ తుడవాలో చెప్పడం మేస్త్రీ పని. నా పెనిమిటి పోయాక నేనూ చీపురుతోనే ఆ గేటులోకి వచ్చాను. నాకు సంతకం వరకే చదువు. అందుకే ఇది నోటితో చెబుతున్నాను, రాసేవాళ్లు రాస్తున్నారు.

నా కింద మంజుల అనే పిల్ల ఉండేది. డిగ్రీ పాసైంది, కంప్యూటర్ నేర్చింది. వాళ్లమ్మ ఎల్లమ్మ మా పక్క ఊళ్లో పంచాయతీ వీధులు ఊడ్చేది. మంజులను పెట్టుకునేటప్పుడు కంపెనీవాళ్లు, "ముందు హౌస్‌కీపింగ్‌ల చేరు, ఖాళీ వస్తే చూద్దాం" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని తుడుస్తూ ఉంది.

చివరికి స్టోర్‌లో ఖాళీ వచ్చింది. వచ్చిన సరుకు, పోయిన సరుకు కంప్యూటర్లో ఎక్కించే పని. మంజుల పొద్దున్నే నా దగ్గరికి వచ్చింది.

"పెద్దమ్మా, నువ్వు జర సారుతోటి మాట్లాడరాదే. ఈసారి తప్పితే ఇగ నాకు కుర్సీ రాదు."

"నా మాట సారు ఇంటడా పిల్లా? నేనడిగితే ఫినాయిల్ సీసా కూడ ఇయ్యడు."

"ఇయ్యకపోతే ఇయ్యకపాయె. పక్కన నిలబడు, చాలు."

నిలబడ్డాను. మేనేజర్ సారు మంచిగానే మాట్లాడాడు, కసురుకోలేదు. సర్టిఫికెట్లు చూశాడు. చూసి, "మీ అమ్మ ఏం పని చేస్తది?" అన్నాడు.

"పంచాయతీల ఊడుస్తది సార్."

"అట్లనా. అయితే నీకు గీ పని అలవాటే గదా. స్టోర్ పని నీతోని కాదమ్మా. నిన్ను తీస్తే ఇక్కడ ఎవరు చేస్తరు?"

"ఒక్క పూట కంప్యూటర్ ముందల కూసోబెట్టి చూడు సారూ. రాకపోతే నువ్వే పంపియ్యి" అన్నాను నేను. సారు నవ్వి ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

వారం తిరగకుండా ఆ కుర్చీలో సారుకు తెలిసినవాళ్ల కొడుకు కూర్చున్నాడు. ఆ కుర్చీ కింద తుడిచింది మంజులే.

ఆ రోజుల్లోనే పట్నం నుంచి ఒక మేడం వచ్చింది. తల్లిదండ్రులు చేసిన పని కంటే పిల్లల పని ఎవరిది పైకి పోయింది, ఎవరిది అక్కడే ఆగింది అని అడిగి రాసుకుంటుందట. దాన్ని మొబిలిటీ అంటారట, అంటే కదలిక. క్యాంటీన్ వెనక మా ఇద్దరినీ కూర్చోబెట్టుకుని మంజులను అడిగింది.

"మీ అమ్మగారు ఏం పని చేస్తారు?"

మంజుల నా వైపు చూసింది. "గీ మధ్య అందరు మా అమ్మ ముచ్చటే అడుగుతున్నరు పెద్దమ్మా."

"ఫర్వాలేదు, చెప్పమ్మా. ఆమె పనికీ మీ పనికీ తేడా ఏమైనా వచ్చిందా?"

"వచ్చింది మేడం. మా అమ్మది పొట్టి చీపురు, వంగి ఊడుస్తది. నాది పొడుగు కర్ర మాపు. నడుం వంచే పని లేదు."

మేడం నవ్వలేదు, రాసుకుంది. నేను నవ్వబోయాను, రాలేదు.

తర్వాత కొన్నాళ్లకు మంజుల మానేసింది. పట్నంలో ఏదో మాల్‌లో చేరిందని ఎల్లమ్మ చెప్పింది. ఏం పని అని నేను అడగలేదు.

మా వైపు కొత్త మనిషి కనబడితే "ఎవరి బిడ్డవే, మీ అమ్మ ఏం చేస్తది" అనే అడుగుతాం. అది పలకరింపు. గేటు లోపల మాత్రం అదే తీర్పు అవుతుందని ఆ పిల్ల వల్ల తెలిసింది. ఇప్పుడు కొత్త పిల్ల వస్తే ఆ మాట నోటిదాకా వస్తుంది, మింగేస్తాను. "నీకు ఏమేం వచ్చు బిడ్డా?" అంటాను. ఒకామె టైపు వచ్చంటుంది, ఒకామె కుట్టు వచ్చంటుంది. అంతా వింటాను. విని, మాపు చేతికిస్తాను. నా దగ్గర ఇవ్వడానికి ఉన్నది అదే.